ఐరోపా కథలలోని రక్కసుడు



రక్కసుడు లేని కథాలోకము లేదు. మన పురాణములలో బకాసురుడు, ఇల్వల వాతాపులు ఎట్టివారో, ఐరోపా ఖండపు కథలలో ‘ఓగర్’ అట్టివాడు. అతడు స్థూలకాయుడు, ధనవంతుడు, మందబుద్ధి, పసిపిల్లల మాంసమన్న మిక్కిలి ప్రీతి గలవాడు. ప్రాచీన రోమకులు పాతాళాధిదేవతను ‘ఓర్కస్’ అని పిలిచిరి. ఆ నామమునుండియే ఓగర్ అను శబ్దము పుట్టినదని పెక్కుమంది పండితుల మతము. ఇటలీ భాషలో నేటికిని ఇతనికి ‘ఓర్కో’ అనియే పేరు. అనగా మృత్యుదేవతయే కాలక్రమమున కథలలో రక్కసుడై నిలిచెనన్నమాట.

ఐనను రక్కసులందఱును క్రూరులు కారు. నేపుల్సు ప్రాంతమువాడైన జంబాటిస్టా బసీలే కూర్చిన కథలు, ఆయన మరణానంతరము 1634-36 సంవత్సరములలో అచ్చుపడినవి. అందు మొదటి కథలో, తల్లిచే దెబ్బలు తిని ఇల్లు వెడలిన ఒక అమాయకుని ఓగర్ చేరదీసి పోషించును. మణులను విసర్జించు గాడిదను బహూకరించును. దానిని అపహరించినవాడు రక్కసుడు కాడు, త్రోవలోని పూటకూళ్ల యజమాని! రూపమును బట్టి గుణమును నిర్ణయింపరాదని ఆ కథ చెప్పకయే చెప్పుచున్నది.

ఫ్రాన్సు దేశమున షార్లు పెరో 1697లో ప్రకటించిన ఎనిమిది వచనకథలలో మూడింట రక్కసజాతి కనబడును. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది బొటనవ్రేలంత బాలుని కథ. ఒక కట్టెలు కొట్టువానికి ఏడుగురు కొడుకులు. కరవు వచ్చెను. కన్నబిడ్డలు కన్నులయెదుట ఆకటితో చచ్చుట చూడలేక, తల్లిదండ్రులు వారిని అడవిలో విడిచివచ్చిరి. దారితప్పిన బిడ్డలు చేరినది రక్కసుని యిల్లు. రాత్రివేళ కడగొట్టు బాలుడు తమ టోపీలను రక్కసుని ఏడుగురు కూతుళ్ల తలలపై నుంచి, వారి బంగారు కిరీటములను తాము ధరించెను. చీకటిలో తడవి చూచిన రక్కసుడు తన బిడ్డలనే తెగవేసెను. ఒక్క అంగలో ఏడు లీగులు, అనగా సుమారు ఎనిమిది తొమ్మిది క్రోసులు, దాటించు అతని జోళ్లను బాలుడు పిదప హరించెను.

ఈ కథలో కరవు కల్పన కాదు. గ్రంథము వెలువడుటకు కొలది యేండ్లముందు, 1693-94లో, ఫ్రాన్సున పంటలు చెడి, క్షామమువలనను జ్వరములవలనను పది లక్షలకు పైగా జనులు మరణించిరి. కథ అంతకు పూర్వమే జనుల నోట నుండవచ్చును. కాని నాటి శ్రోతలకు ఆకలి యననేమో వివరింప నక్కఱలేదు. బిడ్డలను ఇంటినుండి మొదట వెడలగొట్టినది రక్కసుడు కాడు, క్షామము. అందువలననే కాబోలు, బాలుడు గడించిన ధనముతో తన్ను విడిచిన తల్లిదండ్రుల యొద్దకే తిరిగి వచ్చును. అతని మనసున పగ లేదు.

బూట్లు తొడిగిన పిల్లి కథలోని రక్కసుడు కామరూపి. పిల్లి పొగడ్తలకు ఉబ్బి మొదట సింహమయ్యెను, పిదప ఎలుకయ్యెను. పిల్లి తటాలున పట్టి మ్రింగెను. మేకరూపము దాల్చిన వాతాపి అగస్త్యుని యుదరమున జీర్ణమైన వృత్తాంతము ఇచట జ్ఞప్తికి రాకమానదు. బకుని గూల్చుటకు భీముని భుజబలము కావలసివచ్చెను. పెరో కథలలో భీముడు లేడు. రక్కసుని జయించునది పసివాని బుద్ధి, పిల్లి యుక్తి.

ఇట్టి భయంకర కథలను బాలురకు ఈయవచ్చునా యని కొందఱు పెద్దలు సందేహింతురు. ఆకలియు, భయమును బిడ్డలెఱుగనివి కావు. వానిని దాటు ఉపాయము గలదని తెలియుటయే వారికి కావలసినది. కావున గ్రంథాలయమునకు వచ్చు పిల్లలకు ఈ కథలను మఱుగుపరుపరాదు. పెద్దలు ప్రక్కన కూర్చుండి చదివి వినిపించి, కథ ముగియువఱకు లేవకుండుట మేలు. నడుమ నిలిపిన కథలో రక్కసుడే మిగులును. తుదివఱకు విన్న కథలో బాలుడు ఇల్లు చేరును.