కట్టు విప్పిన తరువాత

 

విద్యార్థి క్రీడాకారుల గాయాల గురించి మాట్లాడుకోవడానికి తిరుపతికి మించిన చోటు లేదు. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. ఎముకల చికిత్సకు టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాల ఉంది. రేణిగుంట మీదుగా మద్రాసు రోడ్డు పట్టుకుంటే పుత్తూరు, ఆ పక్కనే దేశమంతా పేరున్న కట్టు కట్టే రాచపాళెం. చిత్తూరు వాళ్లకైతే వేలూరు సీఎంసీ పొరుగూరి లెక్క. ఇన్ని ఉండి కూడా మోకాలు దెబ్బతిన్న డిగ్రీ పిల్లలు ఏడాది తిరిగేసరికి ఆటకు దూరమైపోవడం ఇక్కడ కూర్చున్న ఫిజికల్ డైరెక్టర్లందరూ చూస్తున్నదే. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజుకూ, మళ్లీ బరిలోకి దిగే రోజుకూ మధ్యనున్న నెలలను ఎవరూ తమవిగా భావించడం లేదు. నేనీరోజు మాట్లాడదలచుకున్నది ఆ నెలల గురించే.

పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక కబడ్డీ అమ్మాయి సంగతి చెబుతాను. పేరు అక్కర్లేదు. రైడ్‌కు వెళ్లి బోనస్ గీత దగ్గర పాదం ఆనించి, ఒళ్లు మాత్రం గిరుక్కున వెనక్కి తిప్పింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తోయలేదు. లోపల పట్‌మని శబ్దం వినిపించిందట. సాయంత్రానికి మోకాలు ఉబ్బిపోయింది. ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వాపు తగ్గింది, నడక కుదిరింది, నెలన్నరకు మళ్లీ ప్రాక్టీసుకు వచ్చింది. అప్పుడు నాతో అన్న మాట: "నడిస్తే బాగానే ఉండాది సార్. మెట్లు దిగేటప్పుడు మాత్రం మోకాలు జారిపోతాది."

ఆ ఒక్క వాక్యం వింటే చాలు, చెవులు నిక్కబొడుచుకోవాలి. మోకాలి నడిమధ్యలో తొడ ఎముకనూ కాలి ఎముకనూ ఏటవాలుగా కట్టి ఉంచే లిగమెంటు ఒకటుంది, ఏసీఎల్ అంటాం. కాలి ఎముక ముందుకు జారిపోకుండా, మలుపులో మెలిపడకుండా కాపాడేది అదే. అది పూర్తిగా తెగినా ఎక్స్‌రేలో కనపడదు. అనుభవమున్న వైద్యుడు చేత్తో లాగి చూసి పోల్చుకుంటాడు, ఎంఆర్ఐ తీస్తే తేలుతుంది. తెగిన సంగతి తెలియక మళ్లీ ఆడితే, జారిన ప్రతిసారీ లోపలి మెత్తటి గుజ్జుబిళ్లలు నలిగి చిరుగుతాయి. మోకాలికి అసలు నష్టం చాలాసార్లు ఈ రెండో దెబ్బతోనే జరుగుతుంది.

పుత్తూరు కట్టు మీద నాకు గౌరవముంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ, వీటితో కదలకుండా బిగించి విరిగిన ఎముకను అతుక్కోనిచ్చే పద్ధతి అది. తరతరాలుగా పేదవాళ్లకు అందుబాటులో ఉన్న వైద్యం. అయితే కీలు లోపల తెగిన లిగమెంటు వేరే సమస్య. విరిగిన ఎముకకు విశ్రాంతి ఎంత మేలో, తెగిన లిగమెంటుకు ఒట్టి విశ్రాంతి అంత చాలదు. ఎక్కడికి వెళ్లాలో తల్లిదండ్రులు నిర్ణయించేలోపు, ఏమి తెగిందో తెలుసుకోవాల్సిన బాధ్యత మైదానంలో పక్కనున్న మనది.

ఇక శస్త్రచికిత్స. తొడ వెనక నుంచో మోకాలిచిప్ప కింద నుంచో ఒక స్నాయువు (టెండన్) పట్టీ తీసి లిగమెంటు ఉన్నచోట అమరుస్తారు. నారుమడిలోంచి పీకి పొలంలో నాటిన వరి కొన్నాళ్లు పసుపుబారి వాడినట్టు ఉండి, వేరు పట్టాకే పచ్చబడుతుంది చూడండి, ఈ అతుకు కూడా అంతే. పెట్టిన రోజు గట్టిగా ఉంటుంది, తరువాతి వారాల్లో బలహీనపడుతుంది, అటుపైన నెమ్మదిగా లిగమెంటుగా మారుతుంది. పిల్లలకు నొప్పి తగ్గిపోయి పరుగెత్తాలనిపించేదీ సరిగ్గా అది బలహీనంగా ఉన్న వారాల్లోనే. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకూ ఆటకు తిరిగి రావడాన్ని ఒక్కొక్క నెల వాయిదా వేసినకొద్దీ మళ్లీ గాయపడే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతున్నట్టు తేలింది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు దగ్గర పడుతున్నాయని ఆరో నెలలో పిల్లను పిలిపించే కోచ్‌లందరూ ఈ సంగతి గుర్తుంచుకోవాలని ప్రార్థిస్తున్నాను.

తొమ్మిది నెలలంటే మూడేళ్ల డిగ్రీలో పావు భాగం. ఆ కబడ్డీ అమ్మాయికీ ఈ ఆపరేషనే జరిగింది. ఆమె గది హాస్టల్లో రెండో అంతస్తులో, మెస్ కింద, మరుగుదొడ్డి గొంతుకూర్చునే రకం. ఆపరేషను అయిన పిల్ల అక్కడ ఎలా బతుకుతుందో ఎవరం అడగలేదు. జట్టు వాట్సాప్ గ్రూపులో ఆమె పేరుంది, ప్రయాణపు జాబితాలో లేదు. స్నేహితురాళ్లు ఉదయం ఐదింటికి బూట్లు వేసుకుని వెళ్లిపోతే, తాను మంచం మీద కూర్చుని టేపుతో తొడ చుట్టుకొలత కొలుచుకునేది. దెబ్బ తగిలిన కాలి తొడ సన్నబడిపోయింది. ఆ తేడా తగ్గడమే ఆమెకు స్కోరుబోర్డు అయింది. ఇంట్లో వాళ్లది ఒకటే మాట: "ఇంక ఆటలు చాలు బిడ్డా, పెండ్లి కావాల్సిన పిల్లవు." ప్రేమతో అన్నదే. కానీ పదమూడో ఏట నుంచి కబడ్డీ పిల్లగానే ఊరంతా ఎరిగిన మనిషికి, ఆ ఒక్క గుర్తింపు పోతే తానెవరో తనకే తెలియకుండా పోతుంది. బ్రిటన్ బ్రూవర్ అనే మనస్తత్వవేత్త సహచరులతో కలిసి 1993లో ఈ క్రీడాకారుడనే గుర్తింపును కొలిచే ఒక ప్రశ్నావళి రూపొందించారు. ఆ గుర్తింపు మీదే మొత్తం ఆనుకున్నవాళ్లను గాయం ఎక్కువగా కుంగదీస్తుందని ఆ దారిలో పనిచేసిన వాళ్లు గమనించారు. నిద్ర పట్టకపోవడం, క్లాసుకు రాకపోవడం, ఫిజియో దగ్గరకు వెళ్లడం మానేయడం బద్ధకం కాదు. మనం పలకరించాల్సిన లక్షణాలవి.

గాయం నుంచి తిరిగొచ్చినవాళ్ల కథల్నీ మనం సగమే చెబుతాం. పుల్లెల గోపీచంద్ 1990, 91లలో భారత విశ్వవిద్యాలయాల ఉమ్మడి బ్యాడ్మింటన్ జట్టుకు నాయకుడు. 1994లో పూనా జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలు దెబ్బతింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఒకటికి మించిన శస్త్రచికిత్సల తరువాత 2001లో బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. మనం ఆ గెలుపు ఫొటోను పిల్లలకు చూపించి, పట్టుదల ఉంటే చాలునంటాం. నాకు అది సరిపోదనిపిస్తుంది. నడుమ ఏడేళ్లున్నాయి. ఏ రోజు ఏ వ్యాయామం, ఎవరు పక్కన నిలబడ్డారు, ఏ వారం వెనక్కి జారింది, ఇవన్నీ పిల్లలకు కావాలి. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి చూడండి. 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లలో హర్డిల్స్ దాటి జాతీయ రికార్డుతో కాంస్యం తెచ్చింది. 2025 మే నెలలో గుమిలో ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది. ఆ వేసవిలోనే శిక్షణలో ఏసీఎల్ తెగింది. ఆ వార్తను తానే అందరికీ చెప్పింది. గాయాన్ని దాచుకోవడం అలవాటైన మన పిల్లలకు పతకంతో సమానంగా చూపించదగినది ఈ దాపరికం లేనితనమే.

పక్కనే వేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేవారు. 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడక పోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆమె పూనికతోనే 1966లో అక్కడ పునరావాస వైద్య కేంద్రం మొదలైంది. క్రీడలతో సంబంధం లేని కథే అయినా, చికిత్స తరువాతి కాలమూ వైద్యమేనని మన పొరుగునే ఒకరు ఏనాడో నిరూపించారు.

అందుకే ఈ సదస్సు ముందు కొన్ని పనులు పెడుతున్నాను. గాయపడిన విద్యార్థి పేరు జట్టు జాబితాలోంచి కొట్టేయకూడదు. స్కోరరుగానో వీడియో తీసేవారిగానో ఆమె జట్టుతో ప్రయాణం చేయాలి. ఫిజియోకు వెళ్లిన గంటలను హాజరు కింద లెక్కించాలి. హాస్టల్లో కింది అంతస్తు గది ఆపరేషను తేదీకి ముందే కేటాయించాలి. స్విమ్స్ ఫిజియోథెరపీ విద్యార్థులకూ మన కళాశాలల మైదానాలకూ మధ్య వారానికొకసారి రాకపోకలుండాలి. పిల్ల తిరిగి ఆడవచ్చా లేదా అన్నది పోటీల క్యాలెండరు చూసి కాక, రెండు కాళ్ల బలం కొలిచి, గెంతించి చూసి తేల్చాలి.

ఇంకొకటి. కోలుకున్న పిల్లల చేత ఆ నెలలను తెలుగులో, తమ యాసలోనే రాయించండి. పరీక్ష ఫీజు గడువు, బస్సు మెట్లు, అమ్మ ఏడుపు, మొదటిసారి సైకిలు తొక్కిన రోజు, అన్నీ రాయనివ్వండి. ఆ కబడ్డీ అమ్మాయి తన నోటుపుస్తకం నాకిచ్చింది, ఆమె అనుమతితో దాని ప్రతిని ఈ సభ కార్యదర్శికి అందజేస్తున్నాను. మధ్యాహ్నం మొదటి పత్రానికి ముందు అందులో కొన్ని పేజీలు ఆమే చదువుతుంది. అందరూ భోజనాలు కానిచ్చి వేళకు రావలసిందిగా కోరుతున్నాను.