ఫొటో కడగడం

  పట్టా పుచ్చుకున్న పిల్లలూ, మర్యాద మాటలు వదిలేసి నేరుగా అసలు సంగతికి వస్తాను. చెప్పాల్సింది ఒక్కటే ఉంది, దానికే టైము చాలదు.

నేను ఈ ఊరి బిడ్డనే. మా తాత చివరిదాకా దీన్ని కొత్తపేట అనే పిలిచాడు. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పుట్టి, 1942లో కాగితం తీయడం మొదలుపెట్టాక ఇది కాగజ్‌నగర్ అయింది. మా బాపు మిల్లులో వెదురు గుజ్జు దగ్గర పనిచేసేవాడు. పదో తరగతి పరీక్షలు రాసి, సెలవుల్లో ఊరికే ఉండడమెందుకని నేను ఒక ఫొటో స్టూడియోలో చేరాను. సెలవులు అయిపోయాయి, నేను బయటికి రాలేదు.

డార్క్‌రూమ్ అంటే రెండు మంచాలు పట్టని గది. ఎర్ర బల్బు, మూడు ట్రేలు: డెవలపర్, నీళ్లు, హైపో. తెల్ల కాగితాన్ని మొదటి ట్రేలో ముంచి మెల్లగా ఊపుతుంటే ముందు జుట్టు తేలుతుంది. తర్వాత కనుబొమ్మలు, కనుపాపలు, మెడలో నల్లపూసలు. చెంపలు అన్నిటికన్నా ఆఖరున వస్తాయి. కొన్ని వేలసార్లు చూశాను, ప్రతిసారీ ఊపిరి బిగబట్టే చూశాను.

మా ఉస్తాద్ ధ్యాస మాత్రం ఆ తర్వాతి పని మీద ఉండేది. వెలుతురు తగలని వెండి లవణాన్ని హైపో కరిగించేస్తుంది, అందువల్లే ఫొటో నిలుస్తుంది. కానీ అదే హైపో కాగితం పోగుల్లో మిగిలిపోతే, ఏళ్లు గడిచాక బొమ్మలోని వెండినే తినేస్తుంది. అందుకని గంటసేపు పారే నీళ్లలో కడగాలి. మన జనం ఫొటోలు ‘కడిగించాం’ అనే అనేవారు గుర్తుందా? పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆ పనిలో అసలు కష్టం ఎక్కడుందో ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఒక ఎండాకాలం ఉస్తాద్ ఊళ్లో లేడు. నల్లా రాలేదు. పెళ్లివాళ్లు సాయంత్రానికల్లా ఫొటోలు కావాలన్నారు. బకెట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి ఆరేశాను. తళతళలాడుతూ వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక తల్లి ఆ పెళ్లి ఫొటో ఒకటి కొంగులో చుట్టుకుని తెచ్చింది. పెళ్లికొడుకు ముఖం ఉండాల్సిన చోట పసుపుపచ్చ మరక. ఆ మనిషి అప్పటికే పోయాడు. “ఇది మళ్లొక్కసారి కడగరాదా బిడ్డా?” అని అడిగింది. నెగెటివ్ ఉంటే ఇంకో ప్రింటు తీసేవాణ్నే. కానీ ఆ స్టూడియో ఎప్పుడో మూతపడింది, నెగెటివ్‌లన్నీ వెండి తీసేవాళ్లకు తూకానికి పోయాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఫొటో నా కళ్ల ముందు నుంచి పోలేదు.

ఇప్పుడు మరో సంగతి. కొన్నేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌కు నన్ను పిలిచారు. పాతకాలపు పద్ధతుల్లో ఫొటోలు చేసే యువతీయువకులు అక్కడికి వచ్చారు. సయనోటైప్, గమ్ ప్రింట్, గుడ్డు తెల్లసొనతో ఆల్బుమెన్ ప్రింట్. మొదట నాకు కోపమే వచ్చింది. ఆ మందుల వాసనకు దగ్గి దగ్గి బతికినవాళ్లం మేము. చేతిలో ఫోను ఉండగా వీళ్లకు ఇదేం ముచ్చట అనుకున్నాను.

ఒక అమ్మాయి పని చూశాక ఆ కోపం నిలవలేదు. ఆమె చేస్తున్నది సయనోటైప్. 1842లో ఇంగ్లండ్‌లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. మరుసటి ఏడే అన్నా అట్కిన్స్ అనే ఆమె సముద్రపు నాచు బొమ్మలను ఇందులోనే ముద్రించి పుస్తకం మొదలుపెట్టింది. రెండు ఇనుప లవణాలు నీళ్లలో కలిపి, చీకటి గదిలో బ్రష్‌తో కాగితానికి పూస్తారు. ఆరితే లేత పసుపుపచ్చగా ఉంటుంది. ఆ పిల్ల దాని మీద మోదుగాకు పెట్టి, పైన అద్దం బిగించి ఎండలో ఉంచింది. చూస్తుండగానే ఆకు చుట్టూ బూడిద రంగు తిరిగింది. పది నిమిషాలకు తీసి నీళ్లలో వేస్తే పసుపు కారిపోయి, నీలం మధ్యలో తెల్లటి మోదుగాకు ఈనెలతో సహా నిలబడింది. ఆ తర్వాత ఆమె నీళ్లు మారుస్తూనే ఉంది. నాలుగుసార్లు, ఐదుసార్లు. “చాలు కదమ్మా” అన్నాను, పరీక్షకే అన్నాను. “తెలుపులో పసుపు ఇంకా ఉంది సార్, ఉంచితే తర్వాత మచ్చ పడుతుంది” అంది. మా ఉస్తాద్ గొంతు విన్నట్టయింది.

ఆ నీలాన్ని నేను అంతకుముందే చూశాను. మిల్లు యంత్రాల పాత డ్రాయింగ్ ఒకటి బాపు చిన్నప్పుడు చూపించాడు, నీలం కాగితం మీద తెల్ల గీతలు. బ్లూప్రింట్ అని మీరు ఇప్పుడు ప్రతి పథకానికీ వాడే మాట ఈ పద్ధతిదే. ఇంకో సంగతి చెబితే కాగితం ఊరివాళ్లు కనుక మీకు నచ్చుతుంది. ఇప్పటి జిరాక్స్ కాగితాల్లో చాలావాటిలో సుద్ద కలుస్తుంది. ఆ క్షారానికి ఈ నీలం నిలవదు, వెలిసిపోతుంది. అందుకని ఈ పిల్లలు సుద్ద కలపని నూలు గుజ్జు కాగితం కోసం ఊళ్లూళ్లూ వెతుకుతారు. కాగితం గుణం ఇంతగా పట్టించుకునేవాళ్లను బాపు తర్వాత వాళ్లనే చూశాను.

అన్నీ మంచివే అనను. గమ్ ప్రింట్‌లో వాడే డైక్రోమేట్ విషం, దాన్ని చేతులతో ముట్టేవాళ్లను అక్కడే తిట్టి వచ్చాను.

కానీ సరిగ్గా కడిగిన ఫొటో ఎంతకాలం నిలుస్తుందో చూడండి. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో పోయాడు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,857 ఈ రోజుకీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. మన మార్లవాయిలో ఉండి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940ల్లో తీసిన గోండుల ఫొటోల్లో ముసలమ్మల ముఖాల ముడతలు లెక్కపెట్టొచ్చు. ఎవరో ఓపిగ్గా కడిగారు, ఎవరో దాచారు.

2014లో మిల్లు మూతపడి 2018లో మళ్లీ తెరుచుకునేదాకా ఈ ఊరు ఎట్లా గడిపిందో మీ ఇళ్లలో చెప్పే ఉంటారు. ఆ రోజుల్లో నేను కార్మికుల ఇళ్లకు తిరిగి పాత ఫొటోలకు కాపీలు తీసుకున్నాను. చాలావరకు వెలిసిపోయినవే. ఒక ఇంట్లో మాత్రం గుజ్జు సెక్షన్ వాళ్ల గ్రూపు ఫొటో నిన్న తీసినట్టుంది. వెనక వరుసలో బాపు, చొక్కా గుండీ ఊడిన చోటుతో సహా. వెనక్కి తిప్పితే మా స్టూడియో ముద్ర, మా ఉస్తాద్ చేతిరాతలో తారీఖు. ఆయన కడిగిన ఫొటో అది.

ఇక మీ సంగతి. ఒక్కొక్కరి ఫోన్లో పది వేల ఫొటోలుంటాయి. మీ అమ్మమ్మది కాగితం మీద ఒక్కటుందా? చేతులు ఎత్తండి. ఇంతేనా! రేపు ఫోను నీళ్లలో పడితే ఏం చేస్తారు? ఉద్యోగంలోనూ ఇట్లాగే చేస్తారని నా బెంగ. ల్యాబులో చేరతారు, బ్యాంకులో చేరతారు, బడిలో పాఠం చెబుతారు. పని పూర్తయినట్టు కనిపించగానే లేచిపోతారు. అప్పుడు అందరూ మెచ్చుకుంటారు కూడా, నన్ను మెచ్చుకున్నట్టే. మచ్చ ఇరవై ఏళ్లకు గానీ బయటపడదు. అప్పుడు మీ గుమ్మంలో నిలబడేది ఎవరో తెలియదు. కోప్పడుతున్నాననుకోకండి, నా బిడ్డలైతే ఇంకా గట్టిగా చెప్పేవాణ్ని.

ఈ నల్ల కవర్లలో మందు పూసిన కాగితాలు తెచ్చాను, మీ ఒక్కొక్కరికీ ఒకటి. వెలుతురులో విప్పకండి, నేను చెప్పాక విప్పండి. మైదానంలో ఎండ బాగుంది. కాగితం మీద ఏం పెడతారో మీ ఇష్టం; వేపాకైనా సరే, అమ్మ చేతి గాజైనా సరే. నల్లా దగ్గర బకెట్లు పెట్టించాను. నీళ్లలో పసుపు పూర్తిగా పోయేదాకా ఎవరూ ఇంటికి పోవడానికి లేదు. నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాను.