ఇంటింట ఒక గట్టి గది

(పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పిదప కోస్తా గ్రామములలో తుపాను ఆశ్రయ భవనములు వెలసినవి. తుపానునకు ముందుగా కబురు వచ్చును. ఊరివారు ఆ భవనమును చేరుటకు వ్యవధి ఉండును. మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమునకు వచ్చు ఆపద వేరు. చైత్ర వైశాఖములలో పగలంతయు ఎండ కాసి, సాయంకాలమునకు మబ్బు క్రమ్మి, చూచుచుండగనే ఈదురుగాలి విరుచుకొనిపడును. కనుక మన ఆశ్రయము ఊరి చివర నుండిన చాలదు. ఇంటిలోనే, పది అడుగులలో ఉండవలెను.

2024 మే 26నాటి గాలివానకు నాగర్‌కర్నూలు జిల్లా ఇంద్రకల్ గ్రామమున నిర్మాణములో నున్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు మరణించిరి. గాలి తానై మనుష్యుని చంపుట అరుదు. అది కూల్చిన గోడయు, లేపిన రేకును చంపును.

మన పారిశ్రామిక వాడల చుట్టు కార్మిక కుటుంబములు రేకుల గదులలో కాపురముండుట మీ రెరుగుదురు. రేకులు లేవకుండ వానిపై రాళ్లు, ఇటుకలు పేర్చుట వాడుక. లెక్క చూడుడు. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి చదరపు మీటరునకు సుమారు 24 కిలోల ఒత్తిడి కలిగించును. వేగము రెట్టింపైన ఒత్తిడి నాలుగింతలగును. పలుచని ఇనుప రేకు బరువు చదరపు మీటరునకు అయిదారు కిలోలే. రేకు లేచినపుడు రక్షణ కని పెట్టిన రాయియే లోపల నిద్రించు బిడ్డపై పడును.

అమెరికాలో సుడిగాలులు చెలరేగు సీమలలో పలువురు నేలమాళిగలు కట్టుకొందురు. మనకది తగదు. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి గోడలను చీల్చును. గోతిలో నీరు నిలుచును. కర్మాగారమునుండి క్లోరిన్ వంటి బరువైన వాయువు వెలువడినచో అది పల్లమునకే చేరును. కావున గది నేలపైననే ఉండవలెను.

ఇల్లంతటికి స్లాబు వేయు శక్తి లేనివారు ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల ఒక్క గదినైనను గట్టిగా కట్టుకొనవచ్చును. పునాది గట్టి నేలను అందవలెను. సిమెంటుతో తొమ్మిది అంగుళముల ఇటుక గోడ, నాలుగు మూలల నిలువు సలాకలు, తలుపుపై మట్టమున నాలుగు గోడలను చుట్టివచ్చు కాంక్రీటు పట్టీ, పైన స్లాబు ఉండవలెను. మూల సలాకలను స్లాబు సలాకలతో ముడివేసిననే గది ఒక్క పెట్టెవలె నిలుచును. సలాకల కొలత ఇంజనీరు నడిగి వేయింపుడు. కాంక్రీటును పది దినములు తడుపుడు. మామూలు దినములలో అది ధాన్యపు గదియగును, పిల్లల చదువు గదియగును.

అదియు చేతకానివారు ముందు రాళ్లను దింపవలెను. గాలి అంచులను, మూలలను ఎక్కువగా పీకును గనుక అచ్చట దగ్గర దగ్గరగా కొక్కెపు బోల్టులు బిగింపవలెను. దూలములను గోడలోనికి దిగిన ఇనుప పట్టీలతో బంధింపవలెను. గాలి లేచినపుడు చెట్టు క్రిందకు గాని, ప్రహరీ చాటునకు గాని పోరాదు. ఉరుములాగిన పిదప అరగంట వరకు వెలుపలికి రారాదు.

అద్దెకుండువాడు గోడకు మేకు కొట్టుటకును యజమాని నడుగవలసినవాడు. గది కట్టుకొమ్మని వానికి చెప్పి ప్రయోజనము లేదు. కావున మేము మిమ్ము కోరున దిది: ఉగాదికి ముందే వీధి వీధి తిరిగి రాళ్లు పేర్చిన కప్పులను గుర్తింపుడు. అద్దె గదుల వరుస కట్టదలచినవారు అనుమతికి వచ్చినపుడు, అందరికి చాలునట్టి స్లాబు గది యొకటి కట్టునట్లు ఒప్పింపుడు. అద్దె తీసికొను చేయియే ఆశ్రయ మీయవలెను. ఈ మాట చెప్పగలవారు ఊరిలో మీరే.