రూజ్‌వెల్టూ, సిరియం డబ్బా



రంగూన్ పక్కనున్న ఇన్సేన్‌లో జరిగే తెలుగు సదస్సుకు అధ్యక్షుడుగా రమ్మని కబురు అందినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. 1964లో ఈ ఊరు విడిచి వెళ్ళేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఆ మే నెలలోనే యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. నాన్న దాచుకున్నదంతా ఒక్క రోజులో చిత్తు కాగితాలైంది. ఓడ ఎక్కేటప్పుడు మా చేతిలో మిగిలినవి ఒక ట్రంకు పెట్టె, ఒక రేకు డబ్బా. ఆ డబ్బా ఈ బల్లమీదే ఉంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

మా నాన్న ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ సైరన్ మోతకే మా ఇంట్లో పొయ్యి రాజేసేవాళ్ళం, ఆ మోతకే అన్నాలకు కూర్చునేవాళ్ళం. ప్రపంచం ఈ ఊరిని జైలు పేరుతో ఎరుగును. మాకు మాత్రం ఇన్సేన్ అంటే సైరన్, సెమినరీ గుట్ట, వానాకాలంలో మోకాలి లోతు బురద. 1949లో కరెన్ తిరుగుబాటుదార్ల పోరు నెలల తరబడి ఇక్కడ సాగినప్పుడు నన్ను చంకనేసుకుని పరుగెత్తానని అమ్మ చెప్పేది.

రంగం, అంటే ఈ రంగూన్, పోయిన మన తాతల కష్టాలు, మేస్త్రీల బాకీ పద్దులు, 1930 మే నెల కొట్లాటలు, 1942లో యుద్ధానికి వెరచి ఇండియాకు కాలినడక... నా నుంచి మీరు వినదలచినవి ఇవేనని తెలుసు. అవి ఈ హాల్లో కూర్చున్నవాళ్ళకు నాకంటే బాగా తెలుసు. నేను మాత్రం అమెరికా అధ్యక్షుడుగా చేసిన థియొడోర్ రూజ్‌వెల్ట్ గురించి మాట్లాడతాను. వెనక వరసలో నవ్వులు వినపడుతున్నాయి. మళ్ళీ మొదలెట్టాడు అనుకుంటున్నారు. అవును, మళ్ళీనే.

1907లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి తన మొదటి పుస్తకంగా ఏం వేసిందో మీకు గుర్తు చేయనక్కర్లేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసల సంకెళ్ళు తెంచిన అధ్యక్షుడి కథతో మన ఆధునిక వచనం ఒక మెట్టు ఎక్కింది. మంచిదే. ఆ 1907లో శ్వేతసౌధంలో కూర్చున్నది ఎవరు? రూజ్‌వెల్ట్. ఫిలిప్పీన్స్ యుద్ధం ముగిసిందని 1902 జులై 4న ప్రకటించినవాడు. 1903లో పనామాను కొలంబియా నుంచి విడదీయించి కాలువకు నేల సంపాదించినవాడు. పొరుగు దేశాలు అప్పులు తీర్చకపోయినా, అల్లర్లకు లోనైనా పోలీసు పని మాదేనని 1904లో కాంగ్రెసుకు చెప్పినవాడు. 1907 డిసెంబరులో పదహారు తెల్లరంగు యుద్ధనౌకలను భూగోళం చుట్టూ పంపినవాడు. ఆ నౌకలు మరుసటేడు కొలంబోలో ఆగి వెళ్ళాయి. మన బంగాళాఖాతం గుమ్మం ముందు నుంచే పోయాయన్నమాట.

1908లో గాడిచర్ల రాజద్రోహ నేరం మీద జైలుకెళ్ళారు. మూడేళ్ళ శిక్ష. ఆయన ఇంకా లోపలే ఉండగా, 1909 జనవరి 18న, వాషింగ్టన్‌లో ఒక మెథడిస్టు చర్చి సభలో రూజ్‌వెల్ట్ లేచి ఇండియాలో ఆంగ్లేయుల పాలనను ఆకాశానికెత్తాడు. తెల్లజాతి చేసిన మహత్కార్యాల్లో దాన్ని ముందు వరసలో నిలబెట్టాడు. లింకన్ కథ తెలుగులోకి తెచ్చినవాడు చిప్పకూడు తింటుంటే, లింకన్ కుర్చీలో కూర్చున్నవాడు ఆ చిప్ప పెట్టినవాళ్ళను మెచ్చుకుంటున్నాడు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టిన తెలుగు సాహిత్య చరిత్ర ఒక్కటి చూపించండి, నా అధ్యక్ష పదవి ఇప్పుడే దిగిపోతాను.

నా మిత్రుడొకరు, పేరు చెప్పను, ఆయనకు వినపడుతూనే ఉంది, ముప్ఫయ్యేళ్ళుగా ఒకటే మాట అంటున్నారు: అది మిషనరీల సభలో మర్యాదకు అన్న మాట, దాన్ని విదేశాంగ విధానం అనకూడదు అని. పెళ్ళికెళ్ళినవాడు వంట బాగుందంటాడు, ఒప్పుకుంటాను. పక్కవాడి ఇల్లు దోచినవాణ్ణి కూడా భేషన్నవాడిది మర్యాదేనా? మనీలాలో తాను చేస్తున్న పనికి కలకత్తాలో ఆంగ్లేయుడు చేసిన పని నజీరు అయింది. మెచ్చుకోలు అక్కడి నుంచి వచ్చింది. ఇండియాలోని అదే ప్రభుత్వాన్ని మరో అమెరికన్ నాయకుడు బ్రయన్ ఎలా చూశాడో పోల్చండి. అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడినవాడు, బర్మా, ఇండియా తిరిగి వెళ్ళి, 1906లో బ్రిటిషు పాలనను తూర్పారబట్టాడు. అమెరికా అంతా ఒక్క గొంతు కాదు. మన వామపక్ష మిత్రులు అమెరికా సామ్రాజ్యవాదాన్ని వియత్నాంతో మొదలెడతారు. మన ప్రవాస సంఘాల మిత్రులు అసలు మొదలే పెట్టరు, వీసాల పని ఉంటుంది కదా.

ఇక డబ్బా.

ఇది నాలుగు గ్యాలన్ల కిరసనాయిలు డబ్బా. నలుచదరం, పైన రేకు పిడి. మన పల్లెల్లో దీన్ని నీళ్ళకు వాడారు, బియ్యానికి వాడారు, చీల్చి తడికలకు కప్పారు. మా తాతది భీమిలి పక్క పల్లె. సిరియంలో, ఇప్పుడు తన్లిన్ అంటున్నారు, బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీలో మూతలు అతికే పని ఆయనది. దగ్గరికొచ్చి చూడండి. ఈ మూలన సీసం కాస్త ఉబ్బి గడ్డకట్టింది. చెయ్యి వణికితే అలా ఉబ్బుతుందట. ఇలాంటివి పక్కన పారేస్తే ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన ఎడమ బొటనవేలికి గోరు ఉండేది కాదు.

1899లో అమెరికా విదేశాంగ మంత్రి జాన్ హే చైనా విషయంలో తలుపులు అందరికీ తెరిచి ఉంచాలని పెద్ద రాజ్యాలన్నిటికీ లేఖలు రాశాడు. అంతకు ముందరి అధ్యక్షుడు మెకిన్లీ నాటి ఆ విధానాన్నే రూజ్‌వెల్ట్ మోశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1902లో, అమెరికా కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ బర్మాలో చమురు వెతుక్కుంటామని అనుమతి అడిగితే వైస్రాయి కర్జన్ ప్రభుత్వం కాదు పొమ్మంది. చైనా తలుపు బార్లా, బర్మా తలుపు గడియ! అమెరికా కిరసనాయిలు మన బజార్లకు రావచ్చు, బర్మా నేలలో అమెరికా బోరు దిగరాదు. జెండాల దగ్గర చేతులు కలిపినవాళ్ళు దీపపు నూనె దగ్గర కత్తులు నూరారు. పైగా అదే స్టాండర్డ్ ఆయిల్ మీద 1906లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వమే దావా వేసింది, 1911లో సుప్రీంకోర్టు దాన్ని ముక్కలు చేసింది. ఇంట్లో కొట్టే పిల్లాణ్ణి వీధిలో పక్కింటివాడు గెంటేస్తే తండ్రికి ఎలా ఉంటుంది? ఆ రోషం 1920లో అమెరికాలో చట్టమై బయటపడింది: మాకు చోటివ్వని దేశాల వాళ్ళకు మా ప్రభుత్వ భూముల్లో చమురు లేదని.

మూసిన తలుపు లోపల బర్మా ఆయిల్ బలిసింది. ఆ లాభాలే పర్షియాకు పోయి 1908లో అక్కడ చమురు పైకి తెచ్చాయి. ఆ సంతానమే నేటి బీపీ. డబ్బాలకు రేకు కావాలి కనక 1920లో టాటాలతో కలిసి జంషెడ్‌పూరులో టిన్‌ప్లేట్ కంపెనీ పెట్టారు. జంషెడ్‌పూరు తెలుగువాళ్ళ మీద రాసేవాళ్ళు ఒక గుంపు, రంగం తెలుగువాళ్ళ మీద రాసేవాళ్ళు మరో గుంపు. ఒకరి సదస్సుకు ఒకరు వెళ్ళరు. అక్కడి రేకు ఇక్కడి డబ్బా అయిందని ఎవరు చెప్పాలి?

ఇదంతా ఒక పత్రికకు రాసి పంపితే, కిరసనాయిలుకూ అధ్యక్షుడి విదేశాంగ విధానానికీ సంబంధం లాగడం అతి అని తిరుగుటపాలో పంపారు. ఆ ఉత్తరం ఈ డబ్బాలోనే భద్రంగా ఉంది.

అతి అనుకునేవాళ్ళకు ఇంకో మాట. 2012 నవంబరులో ఒబామా రంగూన్ యూనివర్సిటీలో మాట్లాడితే అమెరికా అధ్యక్షుడి తొలి రాక ఇదే అన్నారు. పదవిలో ఉండగా వచ్చినవాళ్ళలో తొలివాడే. పదవి దిగిన గ్రాంట్ 1879లోనే వచ్చాడు. పదవి ఎక్కకముందు హూవర్ బాడ్విన్ వెండి గనులతో సొమ్ము చేసుకున్నాడు. ఆ హూవర్ అధ్యక్షుడుగా ఉన్న 1930 మే 5నే గాంధీజీ అరెస్టయ్యారు. ఆ సాయంత్రమే పెగూ భూకంపం. ఆ నెలలోనే రంగూన్ రేవులో మన కూలీల సమ్మె, నెత్తురు. ఆ నెలను మనం మత కలహంలా, జాతి కలహంలా చదివాం. ఆర్థిక మాంద్యంలో పడిపోతున్న ధరల మధ్య పెట్టి చదవలేదు.

కుర్రవాళ్ళకు చెప్తున్నాను. 1928లో బెనిసన్ రంగూన్ కూలీల జీవన వ్యయం మీద రాసిన నివేదిక ఉంది, 1933లో రంగూన్‌లోని భారతీయ కూలీల మీద ఆండ్రూ పుస్తకం ఉంది. రెండూ తెలుగులోకి రావాలి. అమెరికా వెళ్ళి గదర్ పార్టీలో చేరి జైలుపాలైన దరిశి చెంచయ్య ఆత్మకథను మన బర్మా చరిత్రకారులు పక్కన పెట్టుకు చదవాలి. ఇంకొకటి. ఒంగోలులోనూ ఇన్సేన్‌లోనూ పనిచేసింది ఒకే అమెరికన్ బాప్టిస్టు సంఘం. 1878 జులైలో వెలంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినవాళ్ళ సంఘమే ఈ సెమినరీ గుట్ట మీద కూడా. ఆ రెండు చోట్ల రిజిస్టర్లు ఎదురెదురుగా పెట్టి పేర్లు సరిచూసే ఓపిక ఎవరికుంది? బర్మా లిపిలో తెలుగు రాసుకున్న నోటుపుస్తకాలు పాత ఇళ్ళలో చెదలు తింటున్నాయి. నిన్న సాయంత్రం సర్క్యులర్ రైలు దిగి మా పాత వీధికి వెళితే ఒక ముసలమ్మ అలాంటి పుస్తకం చూపించింది. ఆమె చదువుతుంటే వింటే అది మా ఉత్తరాంధ్ర యాసే. నేను చదవబోతే ఒక్క అక్షరం రాలేదు. నలభయ్యేళ్ళు రూజ్‌వెల్ట్ వెంట తిరిగినవాణ్ణి, ఆ లిపి మర్చిపోయాను.

మొదటి పత్రం చదవవలసిన అమ్మాయి అప్పుడే రెండుసార్లు గడియారం చూసుకుంది. డబ్బా ఈ బల్లమీదే ఉంటుంది. టీ విరామంలో పట్టుకు చూడొచ్చు. కుడివైపు అంచు విచ్చుకుంది, చెయ్యి తెగుతుంది, జాగ్రత్త.