స్థూలకాయులకు శస్త్రచికిత్స - ఇంటివారి తోడ్పాటు



"నోరు కట్టుకొనలేక కడుపు కోయించుకొనినాడట" అను మాట మన పల్లెలలో ఈ మధ్య అప్పుడప్పుడు వినబడుచున్నది. ఒడలు తగ్గించుటకై చేయు శస్త్రచికిత్సను గూర్చి జనులాడుకొను మాట యిది. అట్టి చికిత్స పొందువారిని ముందును వెనుకను పరీక్షించుట నా వృత్తి. కత్తి పట్టువాడను నేను గాను. కత్తి పట్టక పూర్వము రోగితో కూర్చుండి మాటలాడువాడను. పట్టిన పిదప ఏండ్ల తరబడి వారి మంచిచెడ్డలు చూచువాడను. కావున నేను ముచ్చటింపబోవునది శస్త్రవిద్యను గూర్చి అంతగా కాదు. ఆ రోగికిని వైద్యునకును, ఆ రోగికిని ఇంటివారికిని నడుమ నుండవలసిన నమ్మకమును గూర్చి.

మొదట ఆ నిందను విచారింతము. తిండి తగ్గించి బరువు దించుకొనినవాని దేహము ఊరకుండదు. ఆకలి హెచ్చును. ఊరక కూర్చున్నప్పుడు దేహము ఖర్చుచేయు శక్తి సైతము తగ్గిపోవును. పోయిన బరువును మరల కూడబెట్టుకొనుటకే అది పాటుపడును. పది కిలోలు తగ్గి పండ్రెండు పెరిగినవారిని నేను పెక్కుమందిని చూచితిని. వారు నోరు కట్టుకొననివారు కారు. మనలో ననేకులకంటె నెక్కువ పస్తులున్నవారు.

ఈ చికిత్సలో ముఖ్యమైన విధములు రెండు. మొదటిదానిని స్లీవ్ అందురు. జీర్ణాశయములో సుమారు ముప్పాతిక భాగమును తీసివేసి, మిగిలినదానిని అరటికాయవలె సన్నని గొట్టముగా నిలుపుదురు. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను ద్రవ్యము విశేషముగా ఊరునది ఆ తీసివేసిన భాగమునందే. రెండవది బైపాస్. కడుపు పైభాగమున చిన్న సంచిని మాత్రము వేఱుపఱచి, దానిని చిన్నప్రేవునకు అతికి, ఆహారము పోవు త్రోవను మార్చుదురు. దీనిని 1966లో అమెరికాదేశపు అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు ప్రారంభించెను. ఇప్పుడు పొట్ట నిలువున చీల్చరు. చిన్న చిన్న రంధ్రములగుండ పని ముగింతురు. ఇది అందము కొఱకు చేయునది కాదు. చక్కెరవ్యాధి, రక్తపుపోటు, నిద్రలో ఊపిరి ఆగుట మొదలగు వ్యాధులు దీనివలన శాంతించుట, కొందఱికి చక్కెరమందులే అవసరము లేకపోవుట నేను చూచుచున్నాను.

ఇక నమ్మకము మాట. మా గదిలో చేతులు లేని వెడల్పాటి బల్ల యొకటి వేయించితిమి. ఇఱుకు కుర్చీలో పట్టక నిలుచుండిపోయినవాడు ఆ దినమున మనసు విప్పి మాటలాడడు. బరువు తూచు యంత్రమును వసారాలోనుండి తీసి లోపలి గదిలో పెట్టించితిమి. నలుగురు వినునట్లు అంకె చదువుట మాన్పించితిమి. ఇవి అల్ప విషయములుగా తోచును. కాని చిన్ననాటినుండి ఏనుగుపిల్ల యనిపించుకొనినవానికి ఇవే మొదటి ఆదరణ. ఆదరణ దొరకినగాని అతడు రాత్రివేళ దొంగచాటుగా తినుటను, మద్యమును, ఒంటరిగా ఏడ్చుటను గూర్చి చెప్పడు. అవి తెలియక చేసిన శస్త్రచికిత్స చీకటిలో చేసినట్టిదే.

మేమును దాచరాదు. రక్తము కారుట, కుట్లు ఊడి లోపల స్రవించుట, నాళములలో నెత్తురు గడ్డకట్టుట వంటివి అరుదుగానైనను కలుగునని, బహు అరుదుగా ప్రాణాపాయమును గలదని నేను మొదటి దినముననే చెప్పుదును. ఉన్న బరువులో నాలుగవ వంతో, కొందఱికి మూడవ వంతో తగ్గును. ఏండ్లు గడచినకొలది అందులో కొంత తిరిగి రావచ్చును. కొన్ని నెలలు జుట్టు రాలి మరల వచ్చును. విటమినుమాత్రలు మాత్రము జీవితాంతము. ఇంత విని "ఆలోచించుకొని వత్తును" అని లేచిపోవువాని యందు నాకు గౌరవము హెచ్చును.

ఒక సంగతి చెప్పెదను. ఇరువదియాఱేండ్ల కోడలు, భర్త దూరదేశమున ఉద్యోగి. చికిత్స సంగతి అతనికి దక్క నింటిలో నెవ్వరికిని తెలియదు. పైత్యకోశములో రాళ్లు తీసినారని అత్తమామలకు చెప్పిరి. నాలుగవ వారమున వాంతులు మొదలయినవి. నెల తప్పినదేమో యని అత్తగారు సంతోషించి పాయసము, పులిహోర కొసరి కొసరి తినిపించినది. తిన్నదెల్ల బయటికే. మూడు వారములు గడచినవి. నీరసము తగ్గుటకు ఊరిలో గ్లూకోజు సెలైను ఎక్కించిరి. మఱునాటికి ఆమెకు ఒక్క దీపము రెండుగా కనబడసాగెను, అడుగు తడబడెను, మాట పొంతన తప్పెను. గాలి సోకినదని యొకరనిరి. భర్త ఫోనులో నిజము బయటపెట్టిన పిమ్మట మాయొద్దకు తెచ్చిరి.

ఆమెకు కొఱవడినది బి1 విటమిను. తవుడుతోపాటు మనము బియ్యమునుండి పోగొట్టుకొనునది ఇదియే. దేహములో దీని నిలువ కొన్ని వారములకు మించి రాదు. అది అడుగంటియుండగా గ్లూకోజు ఎక్కించినచో మిగిలిన కొంచెమును ఖర్చయి మెదడునకు దెబ్బ తగులును. బి1 సూదిమందు ముందుగా నిచ్చి, ఆ వెనుకనే గ్లూకోజు నీయవలెను. ఆమె చూపు కొలది దినములలో కుదిరినది. నడక కుదురుటకు నెలలు పట్టినది. నేటికిని చీకటిలో గోడ పట్టుకొనియే నడచును. ఎందుకు దాచితివమ్మా యని అడిగితిని. "చెప్పినచో బ్రతికినంతకాలము ఎత్తిపొడుతురు గదండీ" అనినది. అత్తగారు ప్రేమతోనే పెట్టినది, సందేహము లేదు. ఆ ప్రేమకు నిజము తెలియు దారి లేకపోయినది.

అందుచేత నేను, రోగి సమ్మతించినచో, ఇంటి పెద్దను ఒకరిని ముందుగానే పిలిపింతును. వలదన్నచో పిలువను, అది వారి గుట్టు. వచ్చిన పెద్దలతో ముఖ్యముగా వడ్డన సంగతియే మాటలాడుదును. మొదటి వారములలో పలుచని మజ్జిగ, పప్పుతేట, పలుచని జావ. పిదప మెత్తగా నలిపినవి. నెల దాటిన తరువాత క్రమముగా మామూలు తిండి, చిన్న గిన్నెడు. గ్రుడ్డు, పప్పు, పెరుగు, చేప ముందు, అన్నము చివర. భోజనము నడుమ నీరు త్రాగరాదు, అరగంట ఆగవలెను. విస్తరిలో మిగుల్చుట మనలో తప్పుగా నెంచుదురు. వీరికి మాత్రము మిగుల్చుటకు సెలవీయుడు. పెండ్లిపంక్తిలో "ఇంకొక బూరె" అని బలవంతపెట్టువానిని ఆపగలవారు మీరే. నా మాట అక్కడ చెల్లదు.

వాంతులు రెండుమూడు దినములు విడువకున్నచో ఇంట నుంచుకొనరాదు. సెలైను ఎక్కించువారికి ఈ ఆపరేషను జరిగినదని మొదటనే చెప్పవలెను. బైపాస్ అయినవారికి మోకాళ్ల నొప్పులకు అంగడిలో దొరకు మాత్రలు మ్రింగించకుడు. లోపల పుండ్లు పడును. బి12, ఇనుము, సున్నము, డి విటమిను లోపించినవేమో యని ఏటేట రక్తపరీక్ష జరుగవలెను. రెండవ మూడవ యేట నాలుగు కిలోలు పెరిగినవారు సిగ్గుపడి మాయొద్దకు వచ్చుట మానుదురు. మేము చూడవలసినది అప్పుడే. ఇంటిలో నెవరును మాట యనకున్నచో వత్తురు.

కోడండ్ర విషయమున మఱియొక మాట. బరువు తగ్గినకొలది ఋతుక్రమము చక్కబడి, అంతకుముందు గర్భము నిలువనివారికి త్వరలోనే నిలుచుట కలదు. కాని ఆపరేషనైన పిదప ఏడాది మొదలు ఏడాదిన్నర వఱకు ఆగుమని మేము చెప్పుదుము. అంతవఱకు తల్లి తినునది తల్లికే చాలదు. "ఇంకను విశేషము లేదా" యని ఆ కాలమున అడుగకుడు. గడువు దాటి, రక్తపరీక్షలు సరిగానున్న పిమ్మట కానుపునకు సిద్ధపడవచ్చును. గర్భము నిలిచినదని తెలిసిన దినముననే మాకు కబురు పంపవలెను, మాత్రల మోతాదు మార్చవలసియుండును.