ఒక్క కప్పు కాఫీకి ఏ పరికరం మంచిది?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడడానికి నాకంటే అర్హులు ఇక్కడ చాలామంది ఉన్నారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం చిన్నది. ఇంట్లో ఒకరో ఇద్దరో మిగిలినప్పుడు ఒక్క కప్పు కాఫీ కలుపుకోవడానికి ఏ పరికరం కొనుక్కోవాలి అన్నది. ముప్పై నాలుగేళ్ళు విద్యుత్ శాఖలో పనిచేశాను కనుక వాట్లు, వోల్టుల సంగతి తెలిసి ఉంటుందని నన్ను పిలిచారు. అవి చెబుతాను. వాటికంటే ముందు చెప్పవలసింది ఇంకొకటి ఉంది.

మా పెద్దక్కయ్యకు 82 ఏళ్ళు. బావగారు పోయాక రాజమండ్రిలో ఒక్కతే ఉంటోంది. పిల్లలిద్దరిలో ఒకడు అమెరికాలో, ఒకడు బెంగుళూరులో. ఆవిడకు కుడి చెయ్యి కొంచెం వణుకుతుంది. ఒకరోజు తెల్లవారుజామున పట్టకారు జారి కాగిన పాలు పాదం మీద పడ్డాయి. పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. అప్పుడు మా మేనల్లుళ్ళిద్దరూ ఫోనులో ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఇక అమ్మ ఒంటరిగా ఉండడానికి వీల్లేదు, ఇల్లు అద్దెకిచ్చి బెంగుళూరు వచ్చెయ్యాలి. పెద్దవాడు ఇంకో మాట కూడా అన్నాడు. అంతగా కాదంటే ఒక కాఫీ మిషను పంపిస్తాను, మీట నొక్కితే చాలు అన్నాడు.

అక్కయ్య నన్ను పిలిచి, "ఒరే తమ్ముడూ, ఇది కాఫీ సంగతి కాదురా. నా కాఫీ నేను కలుపుకోగలిగినన్నాళ్ళే నన్ను ఈ ఇంట్లో ఉండనిస్తారు. నువ్వేదో ఒకటి ఆలోచించి చెప్పు" అంది.

అందుచేత మిత్రులారా, ఏ పరికరంలో కాఫీ రుచిగా వస్తుంది అన్నది మన వయసు వారికి రెండో ప్రశ్న. ఎవరి సాయమూ లేకుండా, ఈ చేతులతో, ఈ కళ్ళతో, ఇంకో పదేళ్ళ తరువాత కూడా దేనితో కాఫీ చేసుకోగలం అన్నది మొదటి ప్రశ్న. ఆ లెక్కన ఒక్కొక్క పరికరాన్నే చూద్దాం.

మొదటిది మన ఫిల్టరు. పైన చిల్లుల గిన్నె, కింద డికాక్షన్ గిన్నె, పొడి మీద పెట్టే చిల్లుల గొడుగు, మూత. కరెంటు అక్కర్లేదు, చెడిపోయేదేమీ లేదు. చాలామంది "ఒక్కరికి ఫిల్టరు దండగ, డికాక్షన్ పలచగా వస్తోంది" అంటారు. అది ఫిల్టరు తప్పు కాదు, కొలత తప్పు. ఎనిమిది మందికి కాచిన ఆ పాత పెద్ద ఫిల్టరులో రెండు చెంచాల పొడి వేస్తే అది అడుగున పలచగా పరుచుకుంటుంది. నీళ్ళు సారం తీసుకోకుండానే జారిపోతాయి. అదే పొడిని రెండు కప్పుల చిన్న ఫిల్టరులో వేస్తే పొర మందంగా ఉండి నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి. నిండుగా రెండు పెద్ద చెంచాల పొడి, అంటే సుమారు 15 గ్రాములు, దానికి అరగ్లాసు మరిగిన నీళ్ళు. పదిహేను, ఇరవై నిమిషాలలో ఒకరికి సరిపడా చిక్కని డికాక్షన్ దిగుతుంది. దీనికున్న లోపమల్లా మరిగే నీళ్ళు పోయడం, వేడి గిన్నెను పట్టుకోవడం.

రెండోది కాగితపు వడపోత. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితంతో దీన్ని కనిపెట్టింది. గరాటులాంటి గిన్నెలో కాగితం పెట్టి, పొడి వేసి, కప్పు మీద ఉంచి నీళ్ళు పోయడమే. కడగడం చాలా తేలిక, కాగితం తీసి పారెయ్యవచ్చు. దీనితో ఇంకో మేలుంది. కాఫీలో కెఫెస్టాల్ అనే నూనె పదార్థం ఉంటుంది. అది చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచుతుంది. కాగితం దాన్ని చాలావరకు పట్టేస్తుంది, లోహపు చిల్లులు అంతగా పట్టలేవు. కొలెస్టరాల్ ఎక్కువై మందులు వాడుతున్నవారు, రోజుకు నాలుగైదు కప్పులు తాగేవారు ఈ మాట తమ డాక్టరు గారితో ప్రస్తావించడం మంచిది. అయితే ఈ కాఫీ మన డికాక్షన్ అంత చిక్కగా ఉండదు, సగం పాలు పోస్తే తేలిపోతుంది.

మూడోది మోకా పాట్. 1933లో ఇటలీలో బియాలెట్టి వారి కార్ఖానాలో పుట్టింది. కింది అరలో నీళ్ళు, మధ్య జల్లెడలో పొడి. ఆవిరి ఒత్తిడికి నీళ్ళు పొడిలోంచి పైకెక్కుతాయి. ఐదారు నిమిషాలలో చిక్కని డికాక్షన్ వస్తుంది, రుచి మనవారికి నచ్చుతుంది. కాని చిన్న పాట్ మన గ్యాసు పొయ్యి కాళ్ళ మీద సరిగా నిలవదు, పైన వేరే జాలీ పెట్టాలి. అల్యూమినియంతో చేసినది ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. రెండు అరలనూ మర తిప్పి గట్టిగా బిగించాలి, ఆ తరువాత విప్పాలి. కీళ్ళవాతం ఉన్న వేళ్ళకు ఇది ప్రతిరోజూ ఒక పరీక్ష.

నాలుగోది గాజు జాడీలో జల్లెడ అదిమే ఫ్రెంచ్ ప్రెస్, దానితోపాటు 2005లో అమెరికాలో వచ్చిన ఏరోప్రెస్. రెండూ మంచివే, కరెంటు అక్కర్లేనివే. కాని రెండింటికీ పైనుంచి అదిమే బలం కావాలి. వణికే చెయ్యితో వేడినీళ్ళ మీద అదమడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఐదోది మా మేనల్లుడు పంపిస్తానన్న మిషను. ఒక్కొక్క కప్పుకు సరిపడా పొడిని చిన్న డొప్పలో పెట్టి సీలు వేస్తారు. డొప్పను మిషనులో పెట్టి మీట నొక్కితే నిమిషంలో కాఫీ. నెస్ప్రెస్సో 1986లో వచ్చింది. అమెరికాలో క్యూరిగ్ వారిది 1998లో మొదట ఆఫీసుల కోసం వచ్చి, తరువాత ఇళ్ళలో చేరింది. ఇందులో ఉన్న మంచిని దాచకూడదు. మరిగే నీళ్ళు చేత్తో పోయక్కర్లేదు, కొలవక్కర్లేదు. చెయ్యి బాగా వణికేవారికి, చూపు తగ్గినవారికి ఇది నిజంగా ఉపకారమే. పిల్లలు దగ్గరలో ఉండి డొప్పలు కొని తెచ్చిపెడుతూ ఉంటే నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు.

కాని నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి, అది ఇచ్చేది నల్ల కాఫీ. పాలు విడిగా కాచుకోవలసిందే. అక్కయ్య కాలు కాలింది పాల వల్ల, డికాక్షన్ వల్ల కాదు. పైగా నెస్ప్రెస్సో రకం డొప్పలో ఐదారు గ్రాముల పొడి మాత్రమే ఉంటుంది, మన చికోరీ కలిపిన డికాక్షన్‌కు అలవాటు పడ్డ నాలుకకు చప్పగా తోస్తుంది.

రెండు, ఏనుగును కొనడం ఒక ఎత్తు, మేపడం ఒక ఎత్తు. ఫిల్టరుకు వీధి చివర కొట్టులో పొడి దొరుకుతుంది. ఒక కొట్టు మూస్తే ఇంకో కొట్టు. డొప్ప మాత్రం ఆ మిషనుకు సరిపోయేదే కావాలి. 2014లో క్యూరిగ్ వారు కొత్త మిషను తెచ్చినప్పుడు తమ అనుమతి లేని డొప్పలు అందులో పనిచెయ్యకుండా కట్టుదిట్టం చేశారు, కొన్నవాళ్ళు గోల పెట్టారు. పెన్షనుదారు రేపటి కాఫీని ఒకే కంపెనీ చేతిలో పెట్టడం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

మూడు, చెత్త. జర్మనీలో హాంబర్గ్ నగర పాలకులు 2016లో తమ కార్యాలయాలకు ఇటువంటి మిషన్లు కొనకూడదని నియమం పెట్టుకున్నారు. క్యూరిగ్ స్థాపకులలో ఒకరైన జాన్ సిల్వన్ కూడా దీన్ని కనిపెట్టినందుకు అప్పుడప్పుడు బాధపడతానని 2015లో పత్రికల వారితో అన్నారు.

నాలుగు, కరెంటు. ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొస్తుంది. అమెరికా ఇళ్ళలో 120 వోల్టులు, మన ఇళ్ళలో 230. పిన్ను మార్చే అడాప్టరు వోల్టేజిని మార్చదు. 1500 వాట్ల అమెరికా మిషనును ఇక్కడి ప్లగ్గులో పెడితే అది మూడున్నర రెట్లకు పైగా కరెంటు శక్తిని లాగబోయి క్షణాలలో కాలిపోతుంది. సరైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే 2000 వాట్లకు తగ్గకుండా కావాలి. అది కాఫీ మిషను కంటే బరువు. కనుక అక్కడినుంచి తెచ్చే ముందు వెనుక చీటీ మీద ఏముందో చదివించండి. 220-240 అని లేకపోతే తేవద్దని చెప్పండి.

ఇక్కడ కొన్నవాటికీ జాగ్రత్త ఉంది. మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, అంటే దాదాపు 1380 వాట్ల వరకే. 1500 వాట్ల కెటిల్ గానీ మిషను గానీ 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గుకే పెట్టాలి. ఇంటి ఇన్వర్టరు సాధారణంగా ఇంత భారం మొయ్యదు. బిల్లు గురించి భయం వద్దు. ఒక కప్పు నీళ్ళు కాగడానికి అయ్యే ఖర్చు ఎంత తక్కువంటే, ఒక యూనిట్‌తో యాభై కప్పులకు పైగానే కాచుకోవచ్చు. కెటిల్‌లో కనీసపు గీత దాకా నీళ్ళు పోయవలసి వచ్చినా ఖర్చు తక్కువే. బోరు నీళ్ళ ఊళ్ళలో మాత్రం లోపల సున్నపు పొర పేరుకుంటుంది. నెలకోసారి నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి కాచి పారబోస్తే కెటిల్ శుభ్రపడుతుంది. మిషను లోపలి సన్నని గొట్టాలకు ఈ పని ఇంకా ముఖ్యం, కాస్త కష్టం కూడా.

చివరికి అక్కయ్యకు ఏం కుదిరిందో చెబుతాను. రెండు కప్పుల స్టీలు ఫిల్టరు. నీళ్ళు కాగగానే తనంతట తానే ఆగిపోయే అరలీటరు కెటిల్, 600 వాట్లది, చిన్న ప్లగ్గుకు సరిపోతుంది. సన్నని మూతి ఉండడం వల్ల నీళ్ళు ఫిల్టరులోనే పడతాయి, పళ్ళెంలో పెట్టి పోస్తే ఒలికినా ఒంటి మీదికి రాదు. పాలకు పట్టకారు పూర్తిగా మానిపించి, పొడుగు పిడి ఉన్న చిన్న స్టీలు గిన్నె, టైమరు ఉన్న ఇండక్షన్ పొయ్యి పెట్టాం. కెటిల్‌లో పాలు కాచకూడదు సుమండీ, అడుగంటి కెటిల్ పాడవుతుంది, పొంగి ప్లగ్గు మీద పడుతుంది. పాలు రాత్రే పనిమనిషి కాచి, ఒక్క కాఫీకి కావలసినన్ని ఆ గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి వెళుతుంది. పొద్దున్న అక్కయ్య చేసేది వెచ్చబెట్టడమే.

అన్నీ బల్ల మీద ఒకే వరసలో పెట్టాం, వేడి గిన్నెతో ఒక్క అడుగు కూడా నడవక్కర్లేదు. ఇంకొక కలిసివచ్చిన సంగతి. అక్కయ్య థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ఆ మాత్ర వేసుకున్నాక అరగంట నుంచి గంట దాకా కాఫీ తాగకూడదు, తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు. అందుకని ముందు మాత్ర వేసుకుని, తీరిగ్గా ఫిల్టరు వేసి, పూలు కోసుకుని వస్తుంది. ఫిల్టరు ఆలస్యం అన్నవాళ్ళకు ఇది జవాబు.

బెంగుళూరు మేనల్లుడు వచ్చి రెండురోజులు పక్కన నిలబడి చూశాడు. మూడోరోజు వాళ్ళమ్మ కలిపిచ్చిన కాఫీ తాగి, ఇల్లు అద్దెకిచ్చే మాట ఎత్తకుండా వెళ్ళాడు. ఆ మాట మళ్ళీ రాదని నేననను. వయసు ఆగేది కాదు. ప్రస్తుతానికి ఆవిడ ఇంట్లో ఆవిడ ఉంది.

ఇది ఆవిడకు కుదిరిన ఏర్పాటు. మీకు వేరొకటి కుదరవచ్చు. అందుకని కొనేముందు కొట్టులోనే చూసుకోవలసినవి చెప్పి ముగిస్తాను. నీళ్ళు నింపి ఎడమచేత్తో ఎత్తి చూడండి. కళ్ళజోడు తీసి, గీతలు, మీటలు కనబడుతున్నాయేమో చూడండి. మీరే విప్పి, మళ్ళీ మీరే బిగించండి, అమ్మేవాణ్ణి విప్పనివ్వకండి. మరిచిపోతే దానంతట అది ఆగుతుందా అని అడగండి. పొడి గానీ డొప్ప గానీ మీరు నడిచి వెళ్ళగలిగే దూరంలో దొరుకుతుందా, పాడైతే బాగుచేసేవాడు మీ ఊళ్ళో ఉన్నాడా అని కనుక్కోండి. ఈ ప్రశ్నలన్నింటికీ సరైన జవాబు వస్తే, అప్పుడు ధర అడగండి.

సంఘానికి ఒక మనవి. మన సభ్యులలో కొందరి ఇళ్ళలో ఈ పరికరాలన్నీ ఉన్నాయి. నెలవారీ సమావేశం రోజున ఒక్కొక్కటి తెచ్చి పెడితే, కొనబోయేవారు తమ చేతులతో పట్టుకుని చూసుకుంటారు. పెద్ద ఖర్చు లేని పని.

సోదరులకు వేరుగా ఒక మనవి. మనలో చాలామందికి నలభై ఏళ్ళుగా కాఫీ చేతికి అందుతూనే వచ్చింది. ఇంట్లో ఇద్దరూ ఉన్నప్పుడే, అందించే ఆవిడ పక్కన ఉండి సరిదిద్దగలిగినప్పుడే, వారానికి రెండురోజులు మీరు కలపండి. చెయ్యి అలవాటు పడుతుంది. ఆవిడకూ వారానికి రెండు రోజులు కూర్చుని తాగే కాఫీ దొరుకుతుంది.