బబులోనులో దానియేలు, మన ఊరిలో మనము
(శతాబ్ది ఉత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన డయాసిస్‌కు నూరేండ్లు నిండిన ఈ శుభ సమయములో, లౌకిక సమాజము మధ్య క్రైస్తవులుగా ఎట్లు నిలిచియుండగలము అన్న అంశము మన ముందు ఉంచబడినది. నూరేండ్లలో ఎన్ని గుడులు కట్టాము, ఎన్ని బడులు నడిపాము అన్న లెక్కలు ఈ సంచికలో వేరొక చోట ఉన్నాయి. ఆ గుడులలో కూర్చునే మనము రేపు ఎవరిగా ఉండబోతున్నాము అన్నది ఈ పూట మన ప్రశ్న.

లౌకికము అన్న మాటను మనము రెండు అర్థములలో వాడుతున్నాము. ఈ రెండింటిని కలిపివేస్తే ఆలోచన దారి తప్పుతుంది. మొదటిది లౌకిక రాజ్యము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, తన 25వ అధికరణములో, మనస్సాక్షి చొప్పున మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు స్వేచ్ఛ ఇచ్చింది. 1976లో 42వ సవరణ ద్వారా ‘లౌకిక’ అన్న మాట రాజ్యాంగ పీఠికలో చేరింది. అటువంటి రాజ్యము మనకు శత్రువు కాదు. మనవంటి చిన్న సమాజములకు అది ఎండలో చెట్టు నీడ వంటిది.

రెండవది లౌకిక ధోరణి. ‘దీని వలన మనకేమి లాభము?’ అన్న ఒక్క ప్రశ్నతో అన్నిటినీ కొలిచే అలవాటు అది. దీనిని ఎవరో వచ్చి మన మీద రుద్దలేదు. పిల్లవాని చదువు, ఉద్యోగము, పెళ్ళి సంబంధము, ఇంటి స్థలము, వీటి వెంట నడిచి అది మన ఇండ్లలోనికే వచ్చి కూర్చున్నది. మన గుర్తింపునకు అసలు పరీక్ష ఇక్కడ ఉన్నది.

ఈ పరీక్షను మనకంటే ముందుగా వ్రాసినవాడు దానియేలు. చెరపట్టబడి బబులోనుకు కొనిపోబడిన ఆ యౌవనుడు అక్కడి సమాజమునకు దూరముగా పారిపోలేదు. కల్దీయుల విద్య నేర్చుకున్నాడు, వారి భాష మాట్లాడాడు, రాజు కొలువులో పెద్ద ఉద్యోగము చేశాడు. అయినను ఆయన ఎవరివాడో ఆ పట్టణమంతటికి తెలుసు. ఆయన కథలో పేరు, భోజనపు బల్ల, కిటికీ అనే మూడు గుర్తులు కనబడతాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదట పేరు. దానియేలుకు రెండు పేర్లు ఉండేవి. తల్లిదండ్రులు పెట్టినది ఒకటి, రాజుగారి దస్తరములో వ్రాసిన బెల్తెషాజరు అన్నది మరొకటి. ఈ మాట వినగానే మనలో అనేకులకు తమ ఇంటి సంగతి గుర్తుకు వస్తుంది. గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు. ఆదివారము ఒక పేరు, సోమవారము ఒక పేరు. ఇది మన ఊళ్ళలో అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని విషయము.

దీనికి కారణము కూడ అందరికీ తెలుసు. 1950 ఆగస్టులో వెలువడిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వు హిందువులకే వర్తించునని వ్రాశారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు వెలుపలనే మిగిలారు. బాప్తిస్మముతో ఇల్లు పేట దాటలేదు, కూలి పెరగలేదు, ఊరివారి చూపు మారలేదు. హక్కు మాత్రము పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మనవారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ గ్రూపుగా చేర్చి ఒక్క శాతము రిజర్వేషను ఇచ్చారు. ఈ విషయమును పరిశీలించుటకు 2022లో కేంద్ర ప్రభుత్వము, మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఒక కమిషనును నియమించింది. ఇది అడిగి సాధించుకొనవలసిన న్యాయము. శాంతముగా, చట్టబద్ధముగా అడుగుతూనే ఉండవలెను.

అయితే సర్టిఫికెట్టు కొరకు పేరు దాచుకొనిన కూలివాని కుమారుని మీద, కడుపు నిండిన వారు రాయి వేయకూడదు. చట్టము అతని పేరుకు ఒక వెల కట్టింది. ఆ వెల అతడు ఒక్కడే చెల్లించవలెనా, సంఘమంతా కలిసి చెల్లించవలెనా అన్నదే మనము వేసుకొనవలసిన ప్రశ్న. ‘నీవు సత్యము వ్రాయుము’ అని చెప్పే సంఘము, ‘దాని వలన నీకు పోయే ఫీజులో మా వంతు ఇది’ అని కూడ చెప్పగలగాలి.

పేరే సమస్తము కాదని మన చరిత్ర చెబుతున్నది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రీస్తును నమ్మిన తరువాత కూడ తన పాత పేరుతోనే ఉన్నారు. ఆయన కీర్తనలు పాడని తెలుగు సంఘము ఉన్నదా? గుఱ్ఱం జాషువగారు (1895–1971) బైబిలులోని పేరుతో తెలుగు పద్యమును ఏలారు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారి పూర్తి పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆ ఒక్క పేరులోనే రెండు లోకములు పక్కపక్కన కూర్చున్నాయి. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కథీడ్రల్‌ను చూచినవారికి తెలుసు. దేవాలయ స్తంభములు, మసీదు గుమ్మటములు, క్రైస్తవ సిలువ అక్కడ కలిసి ఉన్నాయి. ఈ నేల భాషను, రూపమును తీసుకొనుట వలన మన విశ్వాసము చెడిపోలేదు. బొట్టు, పువ్వులు, పండుగ పిండివంటల మీద వాదించుకొనుటలో మన శక్తి అంతా ఖర్చు కానక్కరలేదు. పొరుగింటివారు సంక్రాంతికి అరిసెలు పంపితే, మనము క్రిస్మసుకు కేకు పంపితే అది మంచి ఇరుగుపొరుగు.

రెండవది బల్ల. పేరు మార్చినప్పుడు మౌనముగా ఉన్న దానియేలు, రాజు భోజనపు బల్ల దగ్గర మాత్రము ఆగాడు. అక్కడ ఒక గీత ఉన్నదని ఆయనకు తెలుసు. మనకు కూడ ఒక బల్ల ఉన్నది. ఊరి హోటలులో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన కాలములో, గుడిలో అందరి పెదవులకు ఒకే పాత్ర అందింది. మన తాతలను గుడికి తెచ్చినది ఆ పాత్ర. తలయెత్తి నిలువగలిగే చోటు అది ఒక్కటే అని వారికి తెలిసింది.

మరి ఆ బల్ల దగ్గర నుండి ఇంటికి వచ్చి, పిల్లకు సంబంధము చూచేటప్పుడు ‘అబ్బాయి మనవాళ్ళేనా?’ అని అడిగితే, ఆ ప్రశ్నకు అర్థమేమి? మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అన్న లెక్కలతో సంఘ కమిటీ ఎన్నికలు జరిగితే, బయటివారు మనలో ఏమి వేరుగా చూస్తారు? లోకము నుండి మనలోనికి వచ్చిన వాటిలో సినిమా పాట కంటే, టీవీ కంటే, కులము పాతది, లోతైనది. పాటల మీద అంత పట్టుదల ఉన్న మనకు, దీని మీద కూడ అంత పట్టుదల ఉండాలి. క్రైస్తవ గుర్తింపు ఒకే ఒక్క చోట తేలిపోతుందని చెప్పవలసి వస్తే, అది పెళ్ళి చూపుల చాప మీద తేలిపోతుంది.

మూడవది కిటికీ. ముప్పది దినముల వరకు రాజుకు తప్ప ఎవరికీ మనవి చేయకూడదని శాసనము వచ్చినప్పుడు, దానియేలు ఇంటికి వెళ్ళి, యథాప్రకారము యెరూషలేము తట్టు తెరచిన కిటికీ దగ్గర మోకరించాడు. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. భయపడి ఆయన కిటికీ మూయలేదు. అట్లని వీధిలోనికి వచ్చి అందరికీ వినబడేటట్లు ప్రార్థన చేయలేదు. మునుపు చేసినదే చేశాడు.

మనలో కొందరు కిటికీ మూస్తారు. ఆఫీసులో పదేండ్లు పనిచేసినా పక్క కుర్చీవానికి వీరు ఎవరో తెలియదు. కొందరు కిటికీకి మైకు కడతారు. మూడు వీధులకు వినబడే ఆరాధన ఉంటుంది గాని, ఇంటిలో కుటుంబ ప్రార్థన ఉండదు. ఇంటి పైన నక్షత్రము వెలుగుతుంది గాని, బైబిలు మీద దుమ్ము ఉంటుంది. ఇక ఆదివారము సంగతి. పట్టణములలో కోచింగ్ తరగతులు, పరీక్షలు ఆదివారమే. పదవ తరగతి నుండి ఇంటర్ ముగిసేవరకు మూడేండ్లు గుడికి రాని పిల్లవాడు, తరువాత అమెరికాకో బెంగళూరుకో వెళ్ళి తనంతట తానే గుడి వెదుకుకొంటాడని ఆశించుట కష్టము. తెల్లవారు జామున ఆరు గంటలకు ఒక ఆరాధన పెట్టుట సంఘమునకు అసాధ్యము కాదు. పరీక్ష వ్రాసే పిల్లల కొరకు ఆ మాత్రము మేలుకొనగలము.

దానియేలు కథలో ఇంకొక మాట ఉన్నది. ఆయన మీద నేరము మోపదలచినవారు ఆయన ఉద్యోగములో తప్పు వెదికారు, దొరకలేదు. లంచము లేదు, అశ్రద్ధ లేదు. చివరకు ఆయన ప్రార్థనే నేరముగా చూపవలసి వచ్చింది. రెవెన్యూ ఆఫీసులో గాని, ఆసుపత్రిలో గాని, బడిలో గాని మన గురించి ఆ మాట అనిపించుకొనగలిగితే, మన గుర్తింపును గూర్చి వేరే సభలు పెట్టనక్కరలేదు.

కాబట్టి ఈ శతాబ్ది సంవత్సరములో మన సంఘముల ముందు మూడు పనులు ఉంచుదాము. ఒకటి: తన విశ్వాసమును ఉన్నది ఉన్నట్లు వ్రాసి, అందువలన స్కాలర్‌షిప్పు కోల్పోయిన ప్రతి బిడ్డ కొరకు ప్రతి పాస్టరేటులో ఒక విద్యానిధి. ఉత్సవములలో పందిళ్ళకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో సగము చాలు, నిధి మొదలవుతుంది. రెండు: కులము అడగకుండ కుదిరిన పెళ్ళికి గురువుగారు, సంఘ పెద్దలు ముందు వరుసలో నిలబడి అండగా ఉండుట. బంధువులు రాకపోయినా సంఘము వచ్చిందన్న ధైర్యము ఆ జంటకు ఉండాలి. మూడు: ప్రతి ఇంటిలో రాత్రి పడుకొనే ముందు పదిహేను నిమిషములు ఒక కీర్తన, ఒక అధ్యాయము, ఒక ప్రార్థన. తెలుగులో చేయండి, పిల్లలకు తెలుగు రాకపోతే ఆ పదిహేను నిమిషములలోనే నేర్పండి.

మన పెద్దలకు ఉద్యోగములు లేవు, భూములు లేవు, చదువు కూడ లేదు. వారి దగ్గర ఉన్నది ఒక కొత్త పేరు, ఒక బల్ల, తెరచిన ఒక కిటికీ. వాటితోనే వారు ఈ నూరేండ్లకు పునాది వేశారు. రెండవ నూరేండ్లు మనవి, మన పిల్లలవి. ఆ బల్ల దగ్గర అందరికీ చోటు ఉంచుటకు, ఆ కిటికీని మూయకుండ ఉండుటకు ప్రభువు మనకు కృప అనుగ్రహించును గాక. ఆమేన్.